రెట్రోపై కెలకడంతోనే సరిపోతోంది, ఆట ఆడేదెప్పుడు?

డబ్బాటీవీ_రాజా

రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద రెట్రోపై (పాత వీడియో గేములు ఆడించే సాఫ్ట్‌వేర్) వేసుకున్నాను. శనివారం రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక కాంట్రా పెట్టుకుని కూర్చుంటాను. జలపాతం లెవెల్ దాటకముందే బొమ్మ మరీ నున్నగా ఉంది, చిన్నప్పటి టీవీలా లేదనిపిస్తుంది, ఇక సీఆర్‌టీ షేడర్లు (బొమ్మని పాత డబ్బా టీవీలా మార్చే ఫిల్టర్లు) ఒక్కొక్కటీ మార్చడం మొదలు. బాగున్న షేడర్ పెడితే రాస్ప్‌బెరీ పై మొయ్యలేక ఆట నత్తనడక నడుస్తుంది, తేలికపాటిది వెతికి పెట్టేసరికి జంప్ నొక్కాక మనిషి కాస్త లేటుగా ఎగురుతున్నాడేమో అని అనుమానం, ఆ ఆలస్యం తగ్గించే రన్-అహెడ్ ఆన్ చేస్తాను, అదయ్యాక సగం ఆటలకి బాక్స్ బొమ్మలు రాలేదని, వాటిని నెట్‌లోంచి తెచ్చే స్క్రేపర్ తెరుస్తాను. రెండైపోతుంది. కాంట్రా అక్కడే పాజ్‌లో ఉంటుంది.

ఈ కెలుకుడు నాకు ఇష్టమే, ఎవరో బలవంతం చేస్తే చేస్తున్నది కాదు. కానీ ఫైనల్ ఫాంటసీ 7 ఆడాలని ఎప్పటి నుంచో కోరిక. 1997లో అది వచ్చినప్పుడు ప్లేస్టేషన్ మా వీధిలోనే ఎవరికీ లేదు. మూడు డిస్కుల ఆట, నేనింకా మొదటి డిస్కులో మొదట వచ్చే నగరం మిడ్గార్ కూడా దాటలేదు. రెండూ నడుపుతున్నవాళ్లు ఎలా నడుపుతున్నారో చెప్పండి. "సెట్టింగులు ముట్టుకోవద్దు" అని మాత్రం చెప్పకండి, అది నాకూ తెలుసు.

---

కీళ్లనొప్పి_గేమర్

ముట్టుకోవద్దని చెప్పను తమ్ముడూ, ముట్టుకోవడానికి వీల్లేకుండా చేసుకోమంటాను. రెండు మైక్రో ఎస్‌డీ కార్డులు పెట్టుకో. ఒకటి ప్రయోగాలకి. దాన్ని ఏమైనా చెయ్యి, పాడైతే మళ్లీ ఇమేజ్ రాసుకో. రెండోది ఆడటానికి మాత్రమే. ఆ కార్డులో ఎమ్యులేషన్‌స్టేషన్ (ఆటల లిస్టు చూపించే తెర) మెనూలోకి వెళ్లి యూఐ మోడ్‌ని కియోస్క్‌కి మార్చు. స్క్రేపరూ చాలా సెట్టింగులూ ఆ మెనూలోంచి మాయమైపోతాయి. మళ్లీ మామూలు మోడ్‌లోకి రావాలంటే ఏం నొక్కాలో తెలుసా? పైకి పైకి కిందికి కిందికి ఎడమ కుడి ఎడమ కుడి బీ ఏ. నీ కాంట్రా ముప్పై ప్రాణాల కోడే! ఆ కోడ్ నీకు నిద్రలో కూడా వస్తుందని తెలుసు, అయినా అది నొక్కే లోపు "ఇప్పుడు దేనికి?" అని ఒక్క క్షణం ఆగుతావు కదా, అది చాలు.

ఇంకోటి, ఆటలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టు. రెట్రోపైలో సేవ్ ఫైళ్లు మామూలుగా రోమ్ (ఆట ఫైలు) ఉన్న ఫోల్డర్‌లోనే పడతాయి కాబట్టి ఏ కార్డు పెట్టినా నీ ఆట ఎక్కడ ఆపావో అక్కడి నుంచే వస్తుంది. కాకపోతే సేవ్ స్టేట్‌ని (ఆటని ఉన్నదున్నట్టు ఆ క్షణంలో ఆపి దాచేది) నమ్ముకోకు, రెండు కార్డుల్లో కోర్ (ఆటని నడిపే ఎమ్యులేటర్) వెర్షన్లు వేరైతే అది తెరుచుకోకపోవచ్చు. ఆట లోపల మెమరీ కార్డులో చేసే సేవ్‌కి ఆ బాధ లేదు.

---

పిక్చర్‌ట్యూబ్_ప్రేమికుడు

నేను ఒప్పుకోను. కెలకడం తప్పేదో అయినట్టు అందరూ దానికి మందు చెబుతారేంటి? నాకు బొమ్మ సరిగ్గా తెప్పించడమే ఆట. అది తేలాక ఒక అరగంట మారియో ఆడితే ఆ వారానికి చాలు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

కాకపోతే రాజా, నువ్వు కెలికే చోటు బాలేదు. టీవీ చేసే పనిని షేడర్‌తో చేయించాలని చూస్తున్నావు. ఏ పాత సామాన్ల కొట్టుకెళ్లినా 21 అంగుళాల డబ్బా టీవీ ఒకటి ఉంటుంది, చాలాచోట్ల ఇనుము రేటుకే ఇచ్చేస్తారు. పై 4కి 3.5 ఎంఎం జాక్‌లోంచి వీడియో కూడా వస్తుంది, కాన్ఫిగ్ ఫైల్లో టీవీ అవుట్ ఆన్ చేసి పాల్‌కి (మన పాత టీవీల పద్ధతి) మార్చుకుంటే సరి. మూడు గీతలతో నాలుగు భాగాలుగా ఉండే పిన్ను ఉన్న ఏవీ కేబుల్ కావాలి. ఇక్కడే చాలామంది చేతులెత్తేస్తారు: పసుపు ప్లగ్ పెడితే బొమ్మ రాదు, పై పాడైపోయిందనుకుంటారు. పైలో వీడియో వచ్చేది పిన్ను మొదట్లో ప్లాస్టిక్‌కి ఆనుకుని ఉన్న భాగంలోంచి. క్యామ్‌కార్డర్ల కోసం చేసిన కేబుళ్లలో ఆ భాగం ఎర్ర ప్లగ్‌కి వెళ్తుంది. అందుకని ఎర్ర ప్లగ్ తీసి టీవీ పసుపు సాకెట్‌లో పెట్టి చూడు. బొమ్మ వచ్చిందంటే షేడర్ గోల తీరినట్టే, స్కాన్‌లైన్లు (పాత టీవీ బొమ్మలోని అడ్డగీతలు) టీవీయే ఇస్తుంది.

టీవీ వెనక మూత మాత్రం విప్పకు. ప్లగ్ పీకేసినా పిక్చర్ ట్యూబ్‌లో వేల వోల్టులు నిలిచి ఉంటాయి. అలాంటి పని తెలిసిన మెకానిక్ మీ ఊళ్లో ఇంకా ఉంటే ఆయనకే ఇవ్వు.

---

డేవ్_అక్క

ఇద్దరూ మిషన్ గురించే చెప్పారు, ఆట గురించి ఒక్కరూ మాట్లాడలేదు 😄

రాజా గారూ, కార్డులో ఎన్ని ఆటలున్నాయి? వేలల్లోనే ఉండి ఉంటాయి. చిన్నప్పుడు "9999 ఇన్ 1" అని రాసిన క్యాసెట్‌లో నాలుగైదు ఆటలే పేరు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి, ఆ నాలుగైదే అరిగిపోయేదాకా ఆడాం. ఇప్పుడు వేల ఆటల లిస్టు కిందికి జరుపుతూ కూర్చుంటే ఆడాలన్న మూడ్ అక్కడే పోతుంది. నేను అన్నీ తీసేసి పది ఉంచాను. ఒకటి పూర్తయితేనే ఇంకోటి ఎక్కుతుంది.

ఆ పదీ ఎక్కువగా చిన్న ఆటలే. కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే ఆడిన డేంజరస్ డేవ్ గుర్తుందా? మొత్తం పది లెవెళ్లు. డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆటలు నడిపే ఎమ్యులేటర్) పెడితే ఏమీ కెలక్కుండానే నడుస్తుంది, ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఇంకా నయం, గంటలో రాకుమారి దగ్గరికి చేరకపోతే ఆట అయిపోయినట్టే. ఆ గడియారం నడుస్తుంటే సెట్టింగుల ఆలోచనే రాదు. కాంట్రా కూడా ఎనిమిది స్టేజీలే కదా, ముప్పై ప్రాణాలు పెట్టుకుని కానిచ్చెయ్యండి. అది దొంగాట అని కొందరు మొహం చిట్లిస్తారు. అసలు ఆ కోడ్ పుట్టిందే అలా. కొనామీలో కజుహిసా హషిమోటో 1986లో గ్రాడియస్ అనే ఆటని ఫ్యామికామ్‌కి (నింటెండో కన్సోల్) తెస్తున్నప్పుడు ఆ ఆట తనకే కష్టంగా ఉందని, టెస్టింగ్ సులువవ్వాలని పెట్టుకున్నది. చేసినవాడే వాడుకున్నాడు, మనకేంటి సిగ్గు?

ఫైనల్ ఫాంటసీ 7 సంగతి వేరు. అది శనివారం రాత్రి ఒక్కటే పెట్టుకుంటే తేలే ఆట కాదు, వారం గ్యాప్ వస్తే కథ ఎక్కడున్నామో కూడా గుర్తుండదు. దానికి చేతిలో పట్టే చిన్న కన్సోల్ ఏదైనా కొనుక్కోండి. నేను అలాంటి ఆటలన్నీ బస్సులో, డాక్టర్ దగ్గర వెయిటింగ్‌లో ఆడతాను. ఆ బుల్లి తెర మీద షేడర్ పెట్టినా పెట్టకపోయినా నా కళ్లకి తేడా తెలీదు.

---

డబ్బాటీవీ_రాజా

అందరికీ థాంక్స్. కియోస్క్ మోడ్ పెట్టాను, ఆ కోడ్ సంగతి చూసి నవ్వొచ్చింది. ఆటలు పెన్‌డ్రైవ్‌కి మార్చేశాను. కాంట్రా ముప్పై ప్రాణాలతో అయిపోయింది అక్కా, చివర్లో ఆ గుండెకాయని కాల్చేటప్పుడు రెండే మిగిలాయి.

అన్నా, టీవీ ఆలోచన బాగుంది గానీ ఇంట్లో ఆ డబ్బా పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోవాలి. అది వేరే పంచాయితీ.

ఒక్క డౌట్. నిన్న ఫైనల్ ఫాంటసీలో సేవ్ పాయింట్ దగ్గర సేవ్ చేశాను, కాసేపు ఆడాను, కరెంటు పోయింది. వచ్చాక చూస్తే ఆ సేవ్ లేదు, అంతకుముందుది ఉంది. పెన్‌డ్రైవ్ పాడైందా?

---

కీళ్లనొప్పి_గేమర్

పెన్‌డ్రైవ్ బాగానే ఉండి ఉంటుంది. ఆటలో సేవ్ చేసినా రెట్రోఆర్క్ (రెట్రోపై లోపల ఆటలు నడిపే ప్రోగ్రామ్) దాన్ని అప్పటికి మెమరీలోనే ఉంచుకుంటుంది, ఆటలోంచి బయటికొచ్చినప్పుడే ఫైలుగా రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే అంతే. రెట్రోఆర్క్ సెట్టింగుల్లో సేవింగ్ కింద సేవ్ ర్యామ్ ఆటోసేవ్ ఇంటర్వల్ అని ఉంటుంది, అది ఆఫ్‌లో ఉన్నట్టుంది. పది సెకన్లు పెట్టు. దీనికోసం మామూలు మోడ్‌లోకి వెళ్లాల్సి వస్తే కోడ్ నొక్కు, పర్లేదు. సేవ్ అవ్వగానే స్విచ్ కట్టేసే అలవాటుంటే అదీ మానెయ్, మెనూలోంచి షట్‌డౌన్ చెయ్యి.

---

పిక్చర్‌ట్యూబ్_ప్రేమికుడు

మెనూలోకి ఎలాగూ వెళ్తున్నావు కదా, ఆ స్కాన్‌లైన్ల మందం కూడా ఒకసారి

---

డేవ్_అక్క

అన్నా వద్దు 🙏