సైన్యం నుంచి కంప్యూటర్ రంగానికి: ఏ చదువు మేలు?

కడప_హవల్దార్:
ఇంటర్ ఎంపీసీతో సైన్యంలో చేరిన నేను పదిహేడేళ్ల సర్వీసు ముగించుకుని వచ్చే ఏడాది పెన్షన్ మీద ఇంటికి వస్తున్నాను. సైన్యం ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్‌తో నేరుగా ఎంసీఏలో (కంప్యూటర్ అప్లికేషన్స్ పీజీలో) చేరవచ్చునా, లేక డిగ్రీ స్థాయిలోని బీసీఏ నుంచి మొదలుపెట్టాలా? ఈ దారిలో నడిచినవారు దయచేసి చెప్పండి.

విశాఖ_నావికుడు:
తమ్ముడూ, ఆ సర్టిఫికెట్ 15 ఏళ్ల సర్వీసు చేసిన మెట్రిక్యులేట్లకు, కేంద్ర ప్రభుత్వంలో డిగ్రీ అడిగే గ్రూప్ సి ఉద్యోగాల కోసం, అదీ సాంకేతికేతర పోస్టులకు ఉద్దేశించినది. విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ కాదు కనుక దాన్ని నమ్ముకుని ఎంసీఏ ప్రణాళిక వేసుకోవద్దు. నేను నౌకాదళంలో ఉండగానే ఇగ్నోలో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో) దూరవిద్య ద్వారా బీసీఏ చేశాను. కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు గడువు ఉంటుంది. జూన్ పరీక్షల సమయానికి ఓడ సముద్రంలో ఉంటే ఆ పేపర్లను డిసెంబరులో రాసుకునేవాణ్ణి. మనవంటి వారికి ఆ వెసులుబాటు చాలా విలువైనది.

సిగ్నల్స్_రిటైర్డ్:
డిగ్రీ పూర్తయ్యేవరకు ఆగకుండా, డిశ్చార్జికి ముందే సైనికులకు మరో ఉపాధి కోసం శిక్షణ ఇప్పించే రక్షణశాఖ సంస్థ, పునరావాస డైరెక్టరేట్ జనరల్ వారి కోర్సుకు యూనిట్ ద్వారా దరఖాస్తు చేయండి. జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ అధికారులకు), జవాన్లకు రుసుము ప్రభుత్వమే భరిస్తుంది. నేను నెట్‌వర్కింగ్ ఎంచుకున్నాను. సబ్‌నెట్ లెక్కలను, అంటే నెట్‌వర్క్ చిరునామాలను భాగాలుగా విడగొట్టే లెక్కలను, కాగితం మీద బైనరీలో వేసి, /26 అంటే ఒక్కో భాగంలో 64 చిరునామాలని, వాటిలో పరికరాలకు ఇవ్వగలిగేవి 62 మాత్రమేనని చేత్తో తేల్చుకున్న తరువాతే రౌటర్ ముందు కూర్చునేవాణ్ణి. లైను ఎక్కడ తెగిందో ఒక్కో అంచె దాటుతూ వెతికే అలవాటు మనకు ముందే ఉంటుంది కాబట్టి ఈ పని త్వరగా పట్టుబడుతుంది. అయితే కొన్ని నెలల కోర్సు డిగ్రీకి ప్రత్యామ్నాయం కాదు. రెండూ సమాంతరంగా సాగాలి.

వాయుసేన_టెక్నీషియన్:
ఐఐటీ మద్రాసు ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ డిగ్రీ బీఎస్‌ను కూడా పరిశీలించండి. వయోపరిమితి లేదు, నాలుగు వారాల పాఠాల తరువాత అర్హత పరీక్ష ఉంటుంది, మధ్యలో డిప్లొమాతో గాని, బీఎస్సీతో గాని బయటికి రావచ్చు. పాఠాలు ఆన్‌లైన్‌లోనే అయినా పరీక్షలకు కేంద్రానికి స్వయంగా వెళ్లాలి. సర్వీసులో ఉన్నవారు ఆ తేదీలకు సెలవు దొరుకుతుందా అన్నది ముందుగా చూసుకోవాలి. మొదటి దశలోనే గణితం, సాంఖ్యక శాస్త్రం ఎదురవుతాయి. పుస్తకం పట్టి ఏళ్లు గడిచినవారు ఫంక్షన్లు, లాగరిథమ్‌లు, గ్రాఫులు ముందే తిరగేసుకుంటే చాలా మేలు.

కడప_హవల్దార్:
అన్నలందరికీ కృతజ్ఞతలు. జూలై సెషన్‌కు ఇగ్నో బీసీఏలో చేరి, దానితోపాటు నెట్‌వర్కింగ్ కోర్సుకు దరఖాస్తు చేస్తాను. మా తమ్ముడు అగ్నివీర్. నాలుగేళ్లకే బయటికి రావచ్చు, పెన్షన్ ఉండదు. అతనికి ఏది మంచిది?

వాయుసేన_టెక్నీషియన్:
అగ్నివీరుల శిక్షణకు సగం క్రెడిట్లు ఇచ్చే ప్రత్యేక డిగ్రీ ఇగ్నోలో ఉంది. కానీ అతని గురి సాఫ్ట్‌వేర్ మీదే అయితే, ఇంటర్ పూర్తయి ఉంటే ఇప్పుడే బీసీఏలోనో బీఎస్‌లోనో చేరమనండి. నాలుగేళ్లు ముగిశాక అగ్నివీరులకు ఒకేసారి ఇచ్చే సేవానిధి మొత్తం చేతికి వచ్చాక మొదలుపెడితే ఆ డబ్బే చదువుకూ ఇంటి ఖర్చులకూ కరిగిపోతుంది.