నిమ్మకు నీరెత్తినట్టు: ఆ నీరు ఎవరు ఎత్తారు?

ఏటిగట్టు: నిన్న సాయంత్రం ఇంట్లో జిన్ కలుపుకుంటుంటే ఒక మాట పట్టుకుంది, ఇంకా వదల్లేదు. 60 మి.లీ. జిన్, 30 మి.లీ. నిమ్మరసం, 20 మి.లీ. పంచదార పాకం, ఐసు, చివర చల్లటి సోడా. రసంతోపాటు ఒక గింజ జారి గ్లాసులో పడింది. అడుక్కి దిగింది, ఒంటినిండా బుడగలు పట్టాయి, మెల్లిగా పైకి తేలింది. పైన బుడగలు చిట్లగానే మళ్లీ మునిగింది. ఐదారుసార్లు అలాగే. చూస్తుంటే మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది, ‘నిమ్మకు నీరెత్తినట్టు’ అని.

ఆవిడ ఆ మాట పురిటిమంచం దిగి నాలుగు ముద్దలు తిని తేరుకున్న పిల్లను చూసి అనేది. కళ వచ్చిందని అర్థం. పేపర్లలో చూస్తే ఫిర్యాదు పట్టించుకోని అధికారులకు వాడుతున్నారు. ఏది పాతది? నన్ను వేధించేది ఆ ‘ఎత్తు’. నీరు పోస్తాం, పెడతాం, కడతాం, తోడతాం. చెట్టుకు ఎత్తడమేమిటి? ఆవిడ మాటకు వెనక ఇంకో ముక్క కూడా ఉండేది, చిగురెత్తినట్టు అనో ఏదో. ఎంత తలుచుకున్నా రావడం లేదు.

అరసున్న: ‘ఎత్తు’లో చిక్కేమీ లేదండీ. ఏతంతో నీరెత్తేవాళ్లు. ఎత్తిపోతల పథకం అని ఇప్పటికీ అంటున్నాం కదా. చిక్కంతా ‘మ్మ’లో ఉంది. అది నిమ్మ కాదు, నింబ, అంటే వేప. అంబ అమ్మ అయినట్టే నింబ నిమ్మ అయింది. ‘ఆమూలసిక్తః పయసా ఘృతేన న నింబవృక్షో మధురత్వమేతి’ అన్న శ్లోకం మీకు తెలిసిందే. పాలూ నెయ్యీ పోసినా మారని చెట్టుకు నీళ్లు పోస్తే మాత్రం మారుతుందా? పేపర్లవాళ్ల అర్థం అక్కడిదే.

సరిహద్దు: అరసున్న గారూ, ముచ్చటగా ఉంది కానీ నిలవదు. మాది కర్ణాటక సరిహద్దున మడకశిర వైపు. అటు పక్క కన్నడ ఊళ్లో నిమ్మకాయను నింబెహణ్ణు అంటారు, వేపను బేవు అంటారు. ‘ంబ’ ఉన్నంతమాత్రాన వేప అయిపోదు. పైగా తెలుగు పల్లెలో వేపను నింబ అన్నవాళ్లెవరు? శ్లోకం చదివినవాళ్లు తప్ప.

అరసున్న: సామెతలు కట్టినవాళ్లలో శ్లోకం చదివినవాళ్లు ఉండకూడదా?

నిమ్మతోట: గూడూరు దగ్గర మాకు తోట ఉంది, కాబట్టి చెట్టు సంగతి చెప్తాను. నిమ్మను కొన్నాళ్లు బెట్టకు వదిలేస్తాం, నీళ్లు ఆపి. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. అప్పుడు ఎరువేసి నీళ్లు కడతాం. కట్టిన మర్నాడు వెళ్లి చూస్తే చెట్టులో చలనం ఉండదు, అసలు నీళ్లు అందాయా అనిపిస్తుంది. కొన్నాళ్లకు చిగురూ పూతా కలిసి ఒక్కసారి వస్తాయి, తోట దాటిపోయేవాడు కూడా వాసనకు ఆగుతాడు. మొదటి రోజు చూసినవాడు పేపర్ల అర్థం చెప్పి ఉంటాడు, పూతనాడు చూసినవాడు మీ అమ్మమ్మ గారి అర్థం. కాకపోతే నీళ్లు నిలవుంటే మాత్రం నిమ్మ ఓర్చుకోదు, వేరు కుళ్లుతుంది, మానుకు బంక కారుతుంది. ఇంకో మాట, మా వైపు నీళ్లు ‘కట్టడమే’, ‘ఎత్తడం’ నేను వినలేదు.

యతిమైత్రి: నిమ్మతోట గారి ఆఖరి వాక్యమే అసలు సంగతి. ఏతం కాదు. ‘వాడికి పిచ్చెత్తింది’ అంటాం. పిచ్చిని ఎవరూ ఎత్తరు, దానంతట అదే లేస్తుంది. ‘నిమ్మకు నీరెత్తింది’ కూడా అదే కట్టు, అదే ‘కు’. బయటి నీరు కాదు, కాయలో ఊరిన నీరు. రసం నిండి తొక్క బిగిసి నిగనిగలాడే కాయ అన్నమాట. ఏటిగట్టు గారి అమ్మమ్మ గారిదే పాత అర్థమని నా నమ్మకం.

సరిహద్దు: అలాగైతే రసమెత్తినట్టు అనేవాళ్లు కదండీ?

యతిమైత్రి: నీరు అన్న మాటకు విలువ కట్టాలంటే శ్రీనాథుణ్ణి అడగాలి. కొండవీటిలో పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారిగా వెలిగినవాడు పల్నాట దాహానికి అల్లాడి ‘గంగ విడుము పార్వతి చాలున్’ అన్నాడని చాటువు. పరమేశ్వరుణ్ణి తిరిపెగాడని దెప్పుతూనే నీళ్లడుక్కోవడం! ఆ ‘విడుము’లో ఎంత అధికారం ఉందో చూడండి, గుక్కెడు నీళ్లకోసం దేవుడికే ఆజ్ఞ. నాకు ఆ పద్యం తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

అరసున్న: పద్యం గొప్పదే, అందులో నిమ్మ లేదు. నిమ్మకు అమరకోశం, అదే సంస్కృత నిఘంటువు, చూడాలి. జంబీరానికి అక్కడ దంతశఠం అని పేరు, పళ్లను పులిపించేది కనక. అది నిమ్మా దబ్బా అని మా మాస్టారి దగ్గరే రెండు రోజులు వాదించాను. నాకు దబ్బే.

నిమ్మతోట: దబ్బరసమైతే జిన్‌లో ఘాటు మారిపోతుంది. నిమ్మే పోయండి, ఏటిగట్టు గారూ. తొక్కను గ్లాసు మీద వంచి ఒక్కసారి నొక్కండి, సన్నగా నూనె చిమ్ముతుంది, వాసనంతా అందులోనే ఉంది. సోడాను గ్లాసు అంచున జార్చి, ఒక్క తిప్పు చాలు. గిలకొడితే బుడగ చచ్చిపోతుంది.

ఏటిగట్టు: ఇప్పుడే తొక్క నొక్కి చూశాను, మీరన్నది నిజం. గింజను కావాలనే వేశాను, మళ్లీ తేలుతోంది. యతిమైత్రి గారి ‘పిచ్చెత్తింది’ వైపు మొగ్గుతున్నాను కానీ, నిమ్మతోట గారు చిగురూ పూతా అనగానే అమ్మమ్మ రెండో ముక్కలో ‘బెట్ట’ అన్న మాట కూడా ఉండేదేమో అనిపిస్తోంది. నెల్లూరు వైపు పెద్దవాళ్లెవరైనా ‘బెట్ట’తో మొదలయ్యే మాట ఏదైనా విన్నారా?