పారాయణం గ్రూపులో "కర్మ" అనేశారు, ఇప్పుడు నేనేం చేయాలి?

గురువారం_బ్యాచ్:
మా అపార్ట్‌మెంట్లో పదకొండు మందిమి నాలుగేళ్ల నుంచి ప్రతి గురువారం విష్ణు సహస్రనామం చదువుకుంటాం. అందులో ఒక పిన్నిగారు, వాళ్లాయనకి స్ట్రోక్ వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, మంచం మీదే అన్నీ, చూసుకోడానికి ఈవిడ ఒక్కతే, అందుకే రెండు నెలలుగా రావట్లేదు. వాట్సాప్‌లో ఒకావిడ "పారాయణం మధ్యలో ఆపితే ఇలాగే అవుతుంది" అని పెట్టింది, ఇంకొకావిడ "పూర్వజన్మ కర్మండీ, అనుభవించాల్సిందే" అని కింద దండం బొమ్మ. అసలు స్ట్రోక్ వచ్చాకే కదా ఆవిడ మానేసింది! పిన్నిగారు ఒక్క మాట అనకుండా గ్రూపులోంచి వెళ్లిపోయారు.

ఇప్పుడు రోజూ సాయం చేసేదెవరంటే మూడో ఫ్లోర్ క్రిస్టియన్ అమ్మాయి, నర్సు, డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా వచ్చి ఆయన్ని పక్కకి తిప్పి వీపు తుడిచి వెళ్తుంది. ఒకరోజు "ప్రార్థన చేయనా ఆంటీ" అని అడిగిందట, ఇక మావాళ్లు "చూశారా, మతం మార్చడానికే" అని మొదలెట్టారు. నేనూ ఆ రోజు నోరు మూసుకునే కూర్చున్నా. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లాలి?

చెంబుడు_తీర్థం:
మీరు చివర్లో ఫలశ్రుతి చదువుతారుగా? "ఆర్తా విషణ్ణాః శిథిలాశ్చ భీతాః ఘోరేషు చ వ్యాధిషు వర్తమానాః", ఆ శ్లోకం ఎవరి గురించండీ? కష్టంలో ఉన్నవాళ్లు, దిగులుపడ్డవాళ్లు, భయపడ్డవాళ్లు, పెద్ద జబ్బుల్లో ఉన్నవాళ్లు నారాయణ శబ్దం ఒక్కటి పలికితే చాలు దుఃఖం పోతుందంటుంది. గురువారం హాజరు తప్పకూడదని ఎక్కడుంది అందులో? వారం వారం చదివి ఆ మెసేజ్ ఎలా పెట్టారో నాకైతే ఒళ్లు మండిపోయింది.

గుంటూరు_మిరపకాయ్:
నేను చర్చికి వెళ్లేదాన్ని. మాలో ఇదేం లేదనుకోకండి, మా అత్తకి కిడ్నీలు పోతే "విశ్వాసం తక్కువైంది" అన్నవాళ్లున్నారు, అదీ ఇంటికొచ్చి టీ తాగుతూ. యోహాను 9వ అధ్యాయంలో శిష్యులు ఒక పుట్టుగుడ్డిని చూసి పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని అడుగుతారు, యేసు ఇద్దరిదీ కాదంటాడు. అది చదివి కూడా అంటారు! ఇక ఆ నర్సమ్మాయి సంగతి, అడిగింది కాబట్టి మంచిదే, వద్దంటే నవ్వి ఊరుకుని మర్నాడు కూడా వీపు తుడవడానికి వస్తే ఇక అనుమానం దేనికి. వద్దన్నాక రావడం మానేస్తే అప్పుడు చూద్దాం.

స్వర్ణాల_చెరువు:
నెల్లూరు వాడిని. మొహర్రం అప్పుడు మా బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ చూడండి, కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి చెరువులో నిలబడి అదే కోరిక ఉన్నవాళ్లకి ఇస్తారు, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఆరోగ్యం రొట్టె అని. మా అమ్మ బొట్టు పెట్టుకునే వెళ్లి బురఖాలో ఉన్నావిడ దగ్గర ఆరోగ్యం రొట్టె తీసుకుంది, ఆవిడ అడిగింది ఒక్కటే, "ఎవరికమ్మా బాగాలేదు" అని. కాకపోతే పండగరోజు అది సులువేలెండి, మిగతా రోజుల్లో మా వీధిలో ఇల్లు అద్దెకివ్వడానికి ముందు పేరు అడుగుతారు.

మూడేళ్లు_చేశా:
మా నాన్నకి చేశాను కాబట్టి చెప్తున్నా. ప్రసాదం, పుస్తకం పట్టుకెళ్లకండి. రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే పుండ్లు పడతాయి, అంటే ఆవిడకి రాత్రుళ్లు నిద్ర ఉండదు. ఒక పూట మీరు కూర్చోండి, ఆవిణ్ణి పడుకోమనండి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు, భుజం దెబ్బతింటుంది.

గురువారం_బ్యాచ్:
నిన్న మధ్యాహ్నం వెళ్లా. సారీ చెప్పబోతే "అవన్నీ తర్వాత, ముందు ఇటు పట్టుకో" అన్నారు. దుప్పటి మార్చాక పక్క గదిలోకెళ్లి నాలుగింటిదాకా నిద్రపోయారు. గ్రూపులో ఇంకా ఏమీ పెట్టలేదు నేను, గురువారం ఆ శ్లోకం దగ్గర ఆపి అడుగుదామనుకుంటున్నా.