కడపలో చేరి, రెండో ఏడు అనంతపురం మారాలంటే?

ఇంటర్ అయిపోయింది. డిగ్రీ సీటు కడపలో వచ్చింది, యోగి వేమన యూనివర్సిటీ కింద కాలేజీ. వచ్చే ఏడు నాన్నకు అనంతపురం బదిలీ. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నీళ్ల బిందె కూడా ఎత్తలేదు, నేను దగ్గరుండాల్సిందే. ఇప్పట్నుంచే ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు 1: అక్కడివి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కాలేజీలు. అంటే యూనివర్సిటీయే మారుతుంది తల్లీ. రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకొని, తేడా ఉన్న పేపర్లు రాసిపెట్టుకో. డిజిలాకర్‌లో ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఐడీ ఇప్పుడే తీసుకో, పాసైన పేపర్లకు వచ్చే క్రెడిట్లు అందులోకే చేరతాయి.

జవాబు 2: నీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, ఏదమ్మా? అదే మేజర్‌లో అక్కడ ఖాళీ ఉండాలి, రెండు కాలేజీల ఎన్‌ఓసీలూ (అభ్యంతరం లేదనే పత్రాలు) కావాలి. బ్యాక్‌లాగ్ మాత్రం పెట్టుకోవద్దు. టీసీ, మార్కుల మెమోలు కాలేజీకి ఇచ్చేముందే జిరాక్సులు తీయించు.

కంప్యూటర్ సైన్స్ అక్కా. సోమవారం మామతో అక్కడి కాలేజీల్లో అడిగిస్తా.