అప్‌డేట్: చెట్టుకు ఉరితీసిన మనుషుల బొమ్మ, సంగతి తెలిసింది

పోయిన వారం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల మధ్య దొరికిన ప్రింటు గురించి అడిగాను కదా, పెద్ద చెట్టు, కొమ్మల నిండా వేలాడే శవాలు, చుట్టూ సైన్యం. సైనికులు ఊరి జనాన్ని చంపేస్తున్నారనుకున్నాను. కాదు. "ఇది ఊచకోత కాదు, శిక్ష" అని అప్పుడు జవాబిచ్చిన అన్నయ్య మాటే నిజం, చాలా థాంక్స్ అండీ.

అది లొరైన్ (ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉంది) చిత్రకారుడు జాక్ కాలో చేసిన బొమ్మ. యుద్ధపు ఘోరాల మీద 1633లో వరుసగా అచ్చయిన 18 బొమ్మల్లో 11వది. వేలాడేవాళ్లే సైనికులు, ముందు బొమ్మల్లో ఇళ్లు దోచి ఊళ్లు తగలబెట్టినవాళ్లు! కింది ఫ్రెంచి పద్యాన్ని గుంటూరు నుంచి వచ్చిన మా పిన్ని చదివి చెప్పింది, ఈ దొంగలు చెట్టుకు దౌర్భాగ్యపు పళ్లలా వేలాడుతున్నారట.

భూతద్దం పెట్టి చూస్తే నిచ్చెన మీద ఒక పాదిరీ, చావబోయేవాడి ముందు సిలువ పట్టుకుని ఉన్నాడు, చెట్టు కింద ఇద్దరు డోలు మీద పాచికలు వేస్తున్నారు. అది చూశాక రాత్రి నిద్ర పట్టలేదు నాకు. పద్యం న్యాయం జరిగిందంటోంది, కానీ వేలెడంత కూడా లేని ఆ మనుషుల్ని ఒక్కొక్కరినీ అంత ఓపిగ్గా గీసినవాడికి వాళ్ల మీద జాలి లేదంటే నమ్మలేను.

17వ బొమ్మలో రైతులు సైనికుల మీద పగ తీర్చుకుంటారట, ఇప్పుడు దాని కోసం వెతుకుతున్నాను.