సాలిడ్‌వర్క్స్ పార్ట్ స్లైసర్‌లో పడుకుని వస్తోంది: జెడ్ యాక్సిస్ పైకి తేవడం ఎలా?

ప్రశ్న:
సాలిడ్‌వర్క్స్ (త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్)లో గీసిన ఎల్ ఆకారపు బ్రాకెట్ ఒకటుంది. బేస్ 120 × 80 మి.మీ., మందం 12. బేస్ వెనక అంచున నిలువు ప్లేట్ ఉంది, దానితో కలిపి ఎత్తు 95. మొదటి స్కెచ్ టాప్ ప్లేన్ మీద వేసి పైకి ఎక్స్‌ట్రూడ్ చేశాను (గీసిన ఆకారాన్ని ఘనంగా లేపాను). స్క్రీన్ మీద నిటారుగానే ఉంది కానీ ఎస్‌టీఎల్ (త్రీడీ ప్రింటింగ్ ఫైలు) తీసి స్లైసర్‌లో (మోడల్‌ను ప్రింటర్ కోసం పొరలుగా విడగొట్టే సాఫ్ట్‌వేర్) తెరిస్తే వెల్లకిలా పడుతోంది. స్పేస్‌బార్ నొక్కి అప్‌డేట్ స్టాండర్డ్ వ్యూస్‌తో టాప్, ఫ్రంట్ మార్చి చూశాను, తేడా లేదు. ఇదే పార్ట్ స్టెప్ ఫైలుగా (వేరే సాఫ్ట్‌వేర్లూ చదవగల త్రీడీ ఫైలు) మిల్లింగ్‌కు, అంటే మెషీన్ మీద చెక్కడానికి వెళ్లాలి, ఒక అసెంబ్లీలో (పార్ట్‌లన్నీ కలిపి కూర్చిన మోడల్) కూడా ఉంది. మోడల్ చెడకుండా ఏం చేయాలండీ?

జవాబు 1:
అప్‌డేట్ స్టాండర్డ్ వ్యూస్ మార్చేది చూపు పేర్లనే. యాక్సిస్‌లు, ప్లేన్లు, ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) ఉన్నచోటే ఉంటాయి. పైగా ఈ పార్ట్‌కు డ్రాయింగ్ ఉంటే అందులో వ్యూలు తిరిగిపోతాయి, అందుకని ముందు రీసెట్ స్టాండర్డ్ వ్యూస్ కొట్టేయండి.

స్క్రీన్ కింద ఎడమ మూలన ట్రయాడ్ (మూడు రంగుల బాణాల గుర్తు) చూడండి. ఎరుపు ఎక్స్, ఆకుపచ్చ వై, నీలం జెడ్. ఆకుపచ్చ పైకి చూస్తోందంటే మీది వై-అప్ మోడల్. సాలిడ్‌వర్క్స్ మామూలు టెంప్లేట్‌లో టాప్ ప్లేన్ అంటే ఎక్స్-జెడ్ తలం, కాబట్టి దాని మీంచి లేపిన ప్రతిదీ వై దిశలోనే లేస్తుంది. స్లైసర్లేమో జెడ్‌నే ఎత్తుగా తీసుకుంటాయి.

మోడల్ తిప్పకండి, ఎక్స్‌పోర్ట్‌లో సరిచేయండి. ఇన్సర్ట్ > రిఫరెన్స్ జామెట్రీ > కోఆర్డినేట్ సిస్టమ్ తెరిచి ఆరిజిన్ ఎంచుకోండి. ఎక్స్ గడిలో 120 మి.మీ. అంచు, జెడ్ గడిలో నిలువు ప్లేట్ నిలువు అంచు ఇవ్వండి. జెడ్ కిందికి చూస్తే పక్కనున్న రివర్స్ బటన్ నొక్కండి, ఎక్స్ మాత్రం పాత ఎక్స్ వైపే ఉండాలి. వై దానంతట అదే కుదురుతుంది. తర్వాత సేవ్ యాజ్‌లో ఎస్‌టీఎల్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో అవుట్‌పుట్ కోఆర్డినేట్ సిస్టమ్ దగ్గర కొత్తదాన్ని పెట్టండి. స్టెప్‌కూ ఇదే పద్ధతి.

జవాబు 2:
పై పద్ధతే సరైనది. కానీ తీసిన ఫైలును కొలిచి చూడందే మెషీన్‌కు పంపొద్దు. ఇప్పుడు మీ ఫైలు కొలతలు ఎక్స్ 120, వై 95, జెడ్ 80. సరిచేశాక ఎక్స్ 120, వై 80, జెడ్ 95 రావాలి.

అది చాలదు. తలకిందులైనా, అద్దంలో బొమ్మలా తిరగబడినా ఇవే అంకెలు వస్తాయి. ఒక మూలనే ఉన్న రంధ్రాన్ని పట్టుకోండి. ఉదాహరణకు ఆరిజిన్ బేస్ మధ్యలో ఉండి, ఎం8 (8 మి.మీ. బోల్టు) రంధ్రం పాత లెక్కలో ఎక్స్ 40, జెడ్ మైనస్ 25 దగ్గర ఉందనుకోండి. సరైన ఫైల్లో అది ఎక్స్ 40, వై ప్లస్ 25 దగ్గర ఉండాలి. ఎక్స్ చుట్టూ ప్లస్ 90 డిగ్రీలు తిప్పితే పాత వై కొత్త జెడ్ అవుతుంది, పాత జెడ్ గుర్తు మారి కొత్త వై అవుతుంది. మైనస్ 90 తిప్పితే తలకిందులే.

వై మైనస్ 25 వచ్చి, ప్లేట్ మాత్రం పైకే ఉంటే ఎవరో ఫైలు మార్చే స్క్రిప్ట్‌లో వై, జెడ్ కాలమ్‌లు అటూ ఇటూ మార్చేశారని అర్థం. అది తిప్పడం కాదు, మిర్రర్. కుడి మరలు ఎడమ మరలవుతాయి. సౌష్ఠవంగా ఉన్న పార్ట్‌లో ఈ తప్పు కంటికి ఆనదు, అసెంబ్లీలో బోల్టు పట్టనప్పుడు బయటపడుతుంది.

ప్రశ్న వేసినవారు:
కొలతలు సరిగ్గా వచ్చాయి, థాంక్సండీ. కానీ ఎస్‌టీఎల్‌లో రంధ్రం ఎక్స్ 100, వై 65 దగ్గర చూపిస్తోంది?

జవాబు 2:
ఓరియెంటేషన్ సరిగానే ఉంది. సాలిడ్‌వర్క్స్ ఎస్‌టీఎల్‌ను మొత్తంగా పాజిటివ్ వైపు జరిపి రాస్తుంది. ఎక్స్ 60, వై 40 జరిగింది, అంతే. ఆప్షన్స్‌లో డు నాట్ ట్రాన్స్‌లేట్ ఎస్‌టీఎల్ అవుట్‌పుట్ డేటా టు పాజిటివ్ స్పేస్ టిక్ చేస్తే 40, 25 వస్తాయి. ఒక్క పార్ట్ ప్రింటింగ్‌కు ఇది పట్టించుకోనక్కర్లేదు. రెండు మూడు ఎస్‌టీఎల్‌లు ఒకదానిలో ఒకటి కుదరాలంటే మాత్రం తప్పనిసరి.

జవాబు 3:
మిల్లింగ్ సంగతి. క్యామ్ (మెషీన్ కోత దారులు తయారుచేసే పని) ఫ్యూజన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తే మోడల్ జోలికి వెళ్లకుండానే సెటప్‌లో ఓరియెంటేషన్ దగ్గర జెడ్‌కు పైముఖం, ఎక్స్‌కు పొడవాటి అంచు ఎంచుకుంటే సరిపోతుంది. అక్కడి ప్రిఫరెన్సెస్‌లో డిఫాల్ట్ మోడలింగ్ ఓరియెంటేషన్ మార్చినా కొత్త డిజైన్లకే వర్తిస్తుంది, పాతవి అలాగే ఉంటాయి.

ఇక మూవ్/కాపీ బాడీస్‌తో పార్ట్‌నే 90 తిప్పమని ఎవరైనా చెబితే, అసెంబ్లీలో వాడుతున్న పార్ట్‌కు వద్దు. ముఖాలకు ఇచ్చిన మేట్లు (అసెంబ్లీలో పార్ట్‌లను ఒకదానికొకటి కట్టే షరతులు) బాడీతో పాటు తిరుగుతాయి, ఫ్రంట్, టాప్ ప్లేన్లకు ఇచ్చినవి తిరగవు. రెండు రకాలూ ఉంటే మేట్లు ఎర్రబడతాయి. మొదటి స్కెచ్‌కు ఎడిట్ స్కెచ్ ప్లేన్ ఇచ్చి ఫ్రంట్‌కు మార్చడం ఇంకా ప్రమాదం, టాప్ ప్లేన్‌ను ఆధారం చేసుకున్న తర్వాతి ఫీచర్లు పాతచోటే మిగిలిపోతాయి. ఫీచర్లు రెండు మూడే ఉండి, ఇంకా ఎక్కడా వాడని పార్ట్ అయితే అలా మార్చుకోవచ్చు.