పాత అల్టెగ్రానా, కొత్త క్లారిస్సా?

ప్రశ్న: బెంగళూరులో రెండు రోడ్ సైకిళ్లు ఒకే ధరకొస్తున్నాయి. పాత కార్బన్ ఫ్రేమ్, 10 స్పీడ్ అల్టెగ్రా (షిమానో పైస్థాయి గేర్ల సెట్టు), ముందు పళ్లచక్రాలకు 53/39 పళ్లు, వెనక 11-25. లేదా కొత్త అల్యూమినియం, 8 స్పీడ్ క్లారిస్ (షిమానోదే, ప్రారంభస్థాయి సెట్టు), ముందు 50/34, వెనక 11-32. వారాంతాల్లో నంది కొండ ఎక్కాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు 1: ముందు సీట్‌పోస్ట్ (సీటు కింది గొట్టం) వదులు చేసి తిప్పి చూడండి. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం పోస్ట్ చెమటకు, వానకు తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. కదలకపోతే బేరమే వద్దు. తర్వాత చైన్: 24 పిచ్‌లు (పక్కపక్క పిన్నుల మధ్య దూరాలు) 304.8 మి.మీ. ఉండాలి. 306.4 దాటితే మార్చాల్సిందే. మరీ సాగితే క్యాసెట్టూ (వెనక పళ్లచక్రాల గుత్తి) పోయినట్టే.

జవాబు 2: నందికి 39/25 (ముందు 39, వెనక 25 పళ్లు) అంటే మోకాళ్లకు శిక్షేనండీ. పెడల్ ఒక చుట్టుకు చక్రం 1.56 చుట్లు తిరగాలి, 34/32తో అయితే 1.06 చాలు. చిన్న చైన్‌రింగ్ (ముందు పళ్లచక్రం) వేద్దామన్నా దాని 130 బీసీడీ (బోల్టుల వలయం వ్యాసం 130 మి.మీ.) క్రాంకుకు 38 పళ్ల కంటే తక్కువ పట్టదు.

జవాబు 3: ఫోర్కులో 28 మి.మీ. టైరు దూరుతుందా? పాతవి చాలావరకు 25 దగ్గరే ఆగిపోతాయి, మన గుంతలేమో ఆగవు.